దేవుడికో అంకె, పుస్తకానికో అంకె

ప్రతి ఉదయం సూదక్క నిద్ర లేచాక కాసేపటిదాకా ఎవరితోనూ మాట్లాడేది కాదు. మంచం అంచున కూర్చుని, ఎడమ చేతిని కుడి చేత్తో పైకెత్తి, ఒళ్ళో దిండు మీద పడుకోబెట్టుకునేది. పక్కింటావిడ కాస్త చూస్తూండమని అప్పజెప్పి వెళ్ళిన పసిపిల్లని పడుకోబెట్టినంత జాగ్రత్తగా చేసేది ఆ పని. అప్పుడు కళ్ళు మూసుకుని, ఇవాళ ఆ చెయ్యి ఏమంటుందో వినేది. ఒక్కో రోజు మణికట్టు దగ్గర నిప్పురవ్వలా మొదలై వేళ్ళ కొసలదాకా పాకేది. ఒక్కో రోజు మరిగే నీళ్ళలో ముంచినట్టు మోచేతిదాకా ఒకేసారి భగ్గుమనేది. అంతా విన్నాక తల వంచి,

"తండ్రీ, ఇవాళ తొమ్మిది," అని దేవుడితో చెప్పుకునేది.

ఆ తర్వాత దిండు పక్కనున్న చిన్న పుస్తకం తెరిచి, ఆ రోజు గడిలో గుండ్రటి చేతిరాతతో "నాలుగు" అని రాసేది.

దేవుడికి ఒక అంకె, పుస్తకానికి ఇంకో అంకె. ఇలా ఇరవై రెండు వారాలు గడిచాయి. ఇందులో తప్పేదో ఉందని ఆవిడకి తోచలేదు. ఎందుకు తోచలేదో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

సూదక్క అనేది ఆవిడకి బైండింగ్ షాపులో వచ్చిన పేరు. అచ్చయి వచ్చిన పెద్ద పెద్ద కాగితాలని పదహారు పేజీల కట్టలుగా మడిచి, మడత మీద నున్నటి చెక్కబద్దతో గట్టిగా రుద్ది, ఆ కట్టలని ఒకదాని మీద ఒకటి పేర్చి సూదీ దారంతో కుట్టడం ఆవిడ పని. పద్ధెనిమిదేళ్ళు అదే పని చేసింది. ఎడమ చెయ్యి కట్టని తెరిచి పట్టుకోవాలి, కుడి చెయ్యి సూదిని దూర్చాలి. ముడి ఎక్కడ పడిందో కనిపించకూడదు. "మా సూదక్క కుట్టిన పుస్తకాన్ని గోడకేసి కొట్టినా గోడ పెచ్చులూడాలిగానీ కాగితం ఊడదు," అని షాపు యజమాని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. ఆ మాట ఆవిడ వినబడనట్టు నటించేది. ఇంటికెళ్ళాక మాత్రం అత్తగారితో ఒకటికి రెండుసార్లు చెప్పేది.

కాగితాల అంచులు కోసే యంత్రంలో, కత్తి దిగేముందు కాగితాలు కదలకుండా ఒక ఇనప పలక దిగి నొక్కి పట్టుకుంటుంది. ఒకరోజు అంచు సర్దబోయిన సూదక్క ఎడమ చేతి మీద ఆ పలక దిగింది. కత్తి దిగలేదు. అందరూ దేవుడు కాపాడాడన్నారు, ఆవిడా అలాగే అనుకుంది. వేలి ఎముకలో వెంట్రుకంత చీలిక, ఆరు వారాలు కట్టు. కట్టు విప్పేసరికి ఎముక అతుక్కుంది. నొప్పి మాత్రం వెళ్ళలేదు. పైగా పెరిగింది. జాకెట్టు చెయ్యి తగిలితే మంట, గాలి తగిలితే మంట, ఏదీ తగలకపోయినా మంట.

చిత్రమేమిటంటే, ఆ చేతిని చూస్తే ఏమీ లేదు. వాపు లేదు, మచ్చ లేదు. ఎముకల డాక్టరు ఎక్స్‌రే ఫొటోని దీపానికి ఎదురుగా పట్టుకుని, "అమ్మా, మీ ఎముక నా ఎముకకన్నా బాగుంది," అన్నాడు. ఆయన మంచికే అన్నాడు. ఆ రోజు నుంచి ఆవిడ నొప్పి అబద్ధమై కూర్చుంది.

"చెయ్యి చూస్తే చెయ్యిలాగే ఉంది," అనేది అత్తగారు. "పని చెబితే మాత్రం దానికి ఎక్కళ్ళేని జబ్బూ వచ్చేస్తుంది."

అలా అనే అత్తగారే రోజూ పొద్దున్న కోడలి బొత్తాలు పెట్టేది. ఒంటి చేత్తో పెట్టుకోలేక అవస్థపడుతుంటే చూసి, "ఇటు తిరుగు. నువ్వు పెట్టుకునేసరికి పొద్దుపోతుంది," అని గొణుగుతూ దగ్గరికి లాక్కునేది. ఎడమ చేతి దగ్గరికి వచ్చేసరికి గొణుగుడు ఆపేది. ఊపిరి కూడా బిగబట్టి, బట్ట చర్మానికి ఆనకుండా రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని బొత్తం పెట్టేది. నమ్మనివాళ్ళు చేసే పని కాదది. కానీ ఆ సంగతి అత్తగారితో అంటే ఒప్పుకుంటుందా?

షాపు యజమాని ఆవిడని పంపెయ్యలేదు. కుట్టే పని మాన్పించి, పేజీల వరస సరిచూసే పనిలో కూర్చోబెట్టాడు. కుడి చేతి బొటనవేలికి రబ్బరు తొడుగు పెట్టుకుని ఒక్కో కట్టా తిరగేసి చూడటం. పక్క బల్ల దగ్గర జిగురు తాత పుస్తకాల వీపులకి జిగురు రాసేవాడు. గాలి తగిలితే సూదక్క మొహం ఎలా మారుతుందో ఆయన ఒకసారి చూశాడు. మర్నాడు వచ్చి ఫ్యాను తనవైపు తిప్పుకున్నాడు.

"ఏం తాతా, జిగురు ఎండిపోతుంది కదా?"

"నాకు ఉక్కపోత ఎక్కువమ్మడూ. ముసలి ఒళ్ళు."

జిగురు నిజంగానే ఎండిపోయేది. పావుగంటకోసారి గిన్నె మీద తెట్టు కట్టేది. తాత తెట్టు తీసి పారేసి, నీళ్ళు కలిపి మళ్ళీ రాసేవాడు. యజమాని కేకలేస్తే పడేవాడు. రెండేళ్ళలో ఒక్కరోజు కూడా ఫ్యాను మళ్ళీ ఇటు తిరగలేదు.

ఇలా ఉండగా షాపుకి ఒక పని వచ్చింది. నాలుగు వందల చిన్న పుస్తకాలు, అరచేతిలో పట్టేవి. ప్రతి పేజీలో ఏడు గడులు. వరస చూస్తూ చూస్తూ సూదక్క మొదటి పేజీ చదివింది. "మీరు నొప్పి అంటే మేము నమ్ముతాము. రోజూ పొద్దున్న మీ నొప్పి ఎంతో, సున్నా నుంచి పదిదాకా ఒక అంకె రాయండి." కింద ఒక చిరునామా ఉంది.

ఆవిడ ఆ పేజీ మళ్ళీ చదివింది. ఆ పూట చూడాల్సిన కట్టలన్నిట్లోనూ అదే మొదటి పేజీ కదా, నాలుగు వందల సార్లూ చదివింది. సాయంత్రం తాతకి చెప్పి, తొందరగా బయల్దేరి, ఆ చిరునామాకి వెళ్ళింది.

చెప్పుల దుకాణం పైన రెండు గదులు. ఊళ్ళోవాళ్ళు దాన్ని నొప్పి ట్రస్టు అంటారు. డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరైన ఒకాయన పెట్టాడు. ఆయన భార్య పదకొండేళ్ళు నడుము నొప్పితో మంచం మీదే ఉండి చనిపోయింది. ఆవిడ పోయాక మాస్టారు ఉన్న ఇల్లు ట్రస్టుకిచ్చి, తను ఒక్క గదిలో ఉంటూ, పదిమందినీ అడిగి, తగ్గని నొప్పుల మీద పరిశోధన చేసే డాక్టర్లకి సాయం చేస్తాడు. నొప్పితో ఉన్నవాళ్ళ ఇళ్ళకి మనుషుల్ని పంపుతాడు. మందు దొరికినా దొరక్కపోయినా వారానికోసారి ఎవరో ఒకరు వచ్చి పలకరించి వెళ్ళాలని ఆయన నియమం.

అక్కడ బల్ల దగ్గర కూర్చున్నమ్మాయి సూదక్కని చెయ్యి చూపించమనలేదు. ఫొటోలున్నాయా అని అడగలేదు. "ఎన్నాళ్ళ నుంచండీ?" అని మాత్రం అడిగింది. సూదక్క కుర్చీలో కూర్చుని ఏడ్చింది. ఆ అమ్మాయి మంచినీళ్ళ గ్లాసు తెచ్చి, కుడి చేతివైపు పెట్టింది. ఎటువైపు పెట్టాలో చూసి పెట్టడం ఎంత చిన్న పని. అది కూడా ఆవిడకి గుర్తుండిపోయింది.

అప్పుడే ట్రస్టు డబ్బుతో ఒక డాక్టరు కొత్త మాత్ర మీద పరిశోధన మొదలుపెట్టాడు. ముప్ఫై ఆరు ఇళ్ళు. అందరికీ అదే మాత్ర. మొదలుపెట్టేముందు అప్పటిదాకా వాడుతున్న పాత మాత్ర మానెయ్యాలి. రోజూ అంకె రాయాలి. పాత మాత్రతో సూదక్కకి నొప్పి తగ్గేది కాదుగానీ కాసేపు కళ్ళు మూతపడేవి. అయినా సంతోషంగా మానేసింది. ముప్ఫై ఆరు ఇళ్ళనీ ఇద్దరు పంచుకున్నారు. పదిహేడు ఇళ్ళకి ఒక పాతకాలపు కాంపౌండరు గారు వెళ్ళేవాడు. పంతొమ్మిది ఇళ్ళకి నర్సమ్మ. సూదక్క ఇల్లు నర్సమ్మ వంతులో పడింది.

నర్సమ్మకి అరవై దాటాయి. కుడి మోకాలు వంగదు. అయినా ప్రతి గురువారం సంచి తగిలించుకుని మూడంతస్తుల మెట్లెక్కి వచ్చేది. వచ్చి, మంచినీళ్ళు తాగి, కళ్ళజోడు పెట్టుకుని, పుస్తకం తెరిచి, వేలు పెట్టి ఒక్కో గడీ పైకి చదివేది. మొదటి గురువారం ఇలా చదివింది:

"తొమ్మిది. తొమ్మిది. ఎనిమిది. తొమ్మిది. పది."

పది దగ్గర వేలు ఆగిపోయింది. నర్సమ్మ మొహం దాచుకోవడం చేతకాని మనిషి. కళ్ళజోడు తీసి, కొంగుతో కళ్ళు తుడుచుకుని, "అయ్యో తల్లీ, ఒక్కదానివే పడ్డావా ఇదంతా," అంది. మిగతా రెండు గడులు చదవనే లేదు. వెళ్ళేటప్పుడు మెట్లు చాలా నెమ్మదిగా దిగింది.

కిటికీలోంచి చూస్తున్న అత్తగారు, "పాపం, కింద మెట్టు మీద కూర్చుండిపోయింది. నీ నొప్పి ఆవిడ మోకాలికి తగులుకున్నట్టుంది," అంది.

అది సూదక్క మనసులో ముల్లులా గుచ్చుకుంది. ఎవరో పరాయి మనిషి, కుంటుకుంటూ మూడంతస్తులెక్కి వచ్చి, అడక్కుండానే నమ్మి, ఏడ్చి వెళ్ళింది. ఇంటికొచ్చిన మనిషిని ఏడిపించి పంపడం ఏం మర్యాద? మర్నాడు పొద్దున్న దేవుడికి తొమ్మిదే చెప్పింది. పుస్తకంలో ఏడు రాసింది.

ఆ తర్వాతి గురువారం నర్సమ్మ, "ఏడు. ఏడు. ఏడు. ఆరు," అని చదువుతుంటే గొంతు తేలికపడుతూ వచ్చింది. టీ ఇస్తే రెండు కప్పులు తాగింది. అత్తగారితో మోకాలి కబుర్లు చెప్పింది. మెట్లు దిగుతూ ఏదో పాట కూడా పాడుకుంది.

ఇంకేం చెప్పాలి. ఆరు, ఐదైంది. పదోవారానికి నాలుగు. ఇరవయ్యోవారానికి ఒక్కోరోజు మూడు కూడా. సూదక్క దీన్ని అబద్ధం అనుకోలేదు. ఎవరన్నా బావున్నావా అని అడిగితే బావున్నానంటాం, అలాంటిదే అనుకుంది. నిజం వినాల్సినవాడు పైనున్నాడు, ఆయనకి రోజూ చెబుతూనే ఉంది.

ఆవిడ భర్త నీళ్ళ మీటర్లు చూసి అంకెలు రాసుకొచ్చే ఉద్యోగి. ఇరవై రెండేళ్ళుగా జనం పెరటి గుమ్మాల దగ్గర వంగి, మసకబారిన అద్దాలు తుడిచి, ముల్లు ఎక్కడుందో చూసి రాసుకునే మనిషి. మాట తక్కువ. ఒకరోజు పొద్దున్న సూదక్క చేతిలోంచి కప్పు జారి పగిలింది. కుడి చేతిలోంచే జారింది, ఎడమ చేతి మంటకి ఒళ్ళంతా వణికి. ఆయన ముక్కలు ఏరుతూ, మంచం మీద తెరిచి ఉన్న పుస్తకం చూశాడు.

"ఇవాళ మూడా?"

ఆవిడ పుస్తకం మూసేసింది.

"కప్పు పట్టుకోలేకపోతే మూడు. మరి పది అంటే ఎలా ఉంటుందో నేనూ చూడాలి."

"పాపం, నర్సమ్మ బాధపడుతుందండీ."

ఆయన ముక్కలన్నీ కాగితంలో పొట్లం కట్టాడు. ఎవరికీ గుచ్చుకోకుండా పైన దారం చుట్టాడు. చెత్తబుట్టలో పెట్టి వచ్చి, నెమ్మదిగా అన్నాడు.

"ముల్లు తొమ్మిది మీదుంటే, ఆ ఇంటావిడ మంచిదని నేను మూడు రాసుకొచ్చాననుకో. నా ఉద్యోగం పోతే పోయింది. ఎక్కడో పైపు పగిలి నీళ్ళు పోతుంటాయి. ఎవరూ వెతకరు. ఎందుకు వెతుకుతారు, మీటరు మూడంటోంది కదా."

సూదక్కకి కోపం వచ్చింది. "నా చెయ్యేం మీటరు కాదు," అంది. ఆయన ఔనని తలూపి పనికి వెళ్ళిపోయాడు. ఆ రోజు బస్సుల్లో, షాపులో, కట్టలు తిరగేస్తున్నంతసేపూ ఆ పైపు మాటే ఆవిడ చెవుల్లో ఉంది. అయినా మర్నాడు గురువారం. పుస్తకంలో నాలుగు రాసింది.

ఆ గురువారం నర్సమ్మ మెట్లెక్కుతూనే పిలిచింది. గుమ్మంలోనే కబురు చెప్పేసింది. పరిశోధన అయిపోయింది. మాత్ర పనిచేస్తోంది. నర్సమ్మ చూసే పంతొమ్మిది ఇళ్ళలోనూ అంకెలు దిగాయి. వచ్చే సోమవారం ట్రస్టు గదిలో సమావేశం, పక్క ఊళ్ళ డాక్టర్లు కూడా వస్తున్నారు. సరేనంటే ఇంకో మూడు వందలమందికి పాత మాత్ర మాన్పించి ఇదే ఇస్తారు.

"ఆ కాంపౌండరు గారి ఇళ్ళలో మాత్రం ఏమీ కదల్లేదట తల్లీ. ఆయన సరిగ్గా చూసుకోలేదని డాక్టరు గారు గట్టిగానే ఉత్తరం రాశారట. పాపం, నోరు పెళుసుగానీ మనిషి అలాంటివాడు కాదు." నర్సమ్మ కాసేపు బాధపడి మళ్ళీ నవ్వింది. "అందరికన్నా నీకే ఎక్కువ తగ్గింది. నిన్ను తీసుకురమ్మన్నారు. రెండు మాటలు చెబుదువుగాని. ఇంక మన గురువారాలుండవు. తగ్గినవాళ్ళిల్లు వదిలి తగ్గనివాళ్ళింటికి వెళ్ళాలి కదా."

సూదక్క టీ పెడతానని లోపలికి వెళ్ళి, పొయ్యి వెలిగించకుండా నిలబడిపోయింది. మూడు వందలమంది. వాళ్ళకీ పాత మాత్ర మాన్పిస్తారు. ఆ కాస్త కునుకూ పోతుంది. కొత్తది వాళ్ళకీ ఏమీ చెయ్యదు. ఏమీ చెయ్యదని ఈ భూమ్మీద తెలిసింది తనకి, తన భర్తకి. నిజం చెబితే ముందున్న గదిలో నవ్వుతూ కూర్చున్న ఆ ముసలి మనిషి మొహం ఏమవుతుంది? ఇరవై మూడు వారాలు మెట్లెక్కింది ఆ మోకాలితో.

"ఏం చెయ్యను తండ్రీ," అని అడిగింది.

అసలు అంకె ఆయనకి రోజూ తెలుసు, తెలియనిది పుస్తకం చదివేవాళ్ళకే. అత్తగారు వచ్చి పొయ్యి వెలిగించింది. కోడలి మొహం చూసి, ఏమిటని అడక్కుండా, "నువ్వెళ్ళి కూర్చో, నే తెస్తా," అంది.

సోమవారం భర్త సెలవు పెట్టి వెంట వచ్చాడు. బస్సులో ఎడమవైపు తను నిలబడి, ఎవరూ ఆవిడ చేతిని రాసుకోకుండా దారిపొడుగునా ఒళ్ళు అడ్డం పెట్టాడు. సమావేశానికి ఇంకా గంట టైముంది. డాక్టరు గారు లోపలి గదిలో కాగితాలు సర్దుకుంటున్నాడు. వయసు తక్కువ, కళ్ళ కింద నలుపు. పక్కనే నర్సమ్మ పంతొమ్మిది ఇళ్ళ పుస్తకాలనీ వరసగా పేరుస్తోంది.

"రా తల్లీ. డాక్టరు గారూ, చెప్పానే, ఈవిడే."

సూదక్క కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేనని భయం.

"డాక్టరు గారూ, నాకు తగ్గలేదండీ."

డాక్టరు తలెత్తాడు. "ఇవాళ కొంచెం ఎక్కువగా ఉందా అమ్మా? అప్పుడప్పుడూ అలా..."

"ఇవాళ తొమ్మిది. నిన్నా తొమ్మిదే. మొదటి వారం తప్పించి పుస్తకంలో ఉన్నవేవీ నిజం కావు. ఒక్కరోజు కూడా ఎనిమిది కిందకి దిగలేదండీ."

"మరి మూడెందుకు రాశారు?"

ఆవిడ నర్సమ్మవైపు చూడకూడదనుకుంది. కానీ చూసింది. "మొదటివారం ఈవిడ చదువుతూ ఏడ్చారు. మంచావిడ. అంత దూరం నుంచి వస్తారు. సంతోషంగా పంపుదామని..."

కింద చెప్పుల దుకాణంలో ఎవరో కొత్త చెప్పులు తొడుక్కుని చెక్క నేల మీద అటూ ఇటూ నడిచి చూసుకుంటున్న చప్పుడు వినబడుతోంది. డాక్టరు కోప్పడతాడనుకుంది. ఆయన కోప్పడలేదు. నర్సమ్మ పేర్చిన పుస్తకాల్లోంచి ఒకటి తీసి తెరిచాడు. ఇంకొకటి తీశాడు. తర్వాత ఇంకొకటి. ప్రతిదాంట్లోనూ మొదటి పేజీలో తొమ్మిదులూ పదులూ. రెండో పేజీ నుంచి ఏడు, ఆరు, ఐదు. మెట్లు దిగినట్టు దిగాయి.

"కాంపౌండరు గారు పుస్తకం చదివేటప్పుడు ఎలా ఉంటారు?" అన్నాడు చివరికి.

"ఎలా ఉంటారేమిటి," అంది నర్సమ్మ సన్నగా. "ఎప్పుడూ ఉన్నట్టే. గుమ్మంలో నిలబడి, గడియారం చూసుకుంటూ. ఏ అంకెకైనా ఒకటే మొహం."

ఆ మాట తన నోట్లోంచి వచ్చాక ఆవిడకే అర్థమైంది. చేతిలో ఉన్న పుస్తకం బల్ల మీద పెట్టేసింది.

డాక్టరు కళ్ళజోడు తీసి కళ్ళు నులుముకున్నాడు. "ఆయనవే నిజం అంకెలు. ఆయనకి నేను ఉత్తరం రాశాను," అన్నాడు, ఎవరితోనూ కాదు. అప్పుడు సూదక్కవైపు తిరిగి, "మీరు చెప్పడం మంచిదైందమ్మా. గంట ఆలస్యమైతే..." అని వదిలేశాడు.

"ఇప్పుడేమవుతుందండీ?" అడిగాడు సూదక్క భర్త.

"మాత్ర పనిచెయ్యదు. అంతే. మళ్ళీ మొదటికి."

"మరి మా ఆవిడకి?"

డాక్టరు మందుల చీటీ ముందుకి లాక్కున్నాడు. చదువుకున్న మనిషి, కానీ ఆ నిమిషంలో గుమ్మం దగ్గర నిలబడి దారి అడిగేవాడిలా ఉన్నాడు. "పాత మాత్ర మళ్ళీ రాసిస్తాను. దాంతో కాస్త నిద్రన్నా పడుతుంది. ప్రస్తుతానికి నా దగ్గర ఇంకేమీ లేదమ్మా. ఎవరి దగ్గరా లేదు."

అలా ఎవరూ చెప్పలేదు ఆవిడకి, ఈ మూడేళ్ళలో. అందరూ ఏమీ లేదని చేతి గురించి అన్నారుగానీ, మందు గురించి అనలేదు. సూదక్క తలూపింది. థాంక్స్ అంది కూడా.

సమావేశానికి వచ్చినవాళ్ళకి డ్రాయింగు మాస్టారే ఎదురెళ్ళి, ఇవాళ లేదని చెప్పి, టీ ఇచ్చి పంపుతున్నాడు. ఆయన ఎవరి పేరూ ఎత్తలేదు. సూదక్క పక్క నుంచి వెళ్తుంటే, "జాగ్రత్తమ్మా, మూడో మెట్టు కొంచెం ఊగుతుంది," అన్నాడు.

నర్సమ్మ ఆ మెట్ల మీదే కూర్చుని ఉంది. సంచి ఒళ్ళో పెట్టుకుంది. వంగని మోకాలు ముందుకి చాచి ఉంది. సూదక్క భర్త కిందికి దిగి వీధిలో నిలబడ్డాడు. సూదక్క ఒక మెట్టు కింద కూర్చుంది.

"నాదే తప్పు నర్సమ్మా."

"నీదేం తప్పు. పంతొమ్మిదిమందీ నీలాంటివాళ్ళే." నర్సమ్మ ఏడవడం లేదు. ఏడిస్తేనే బాగుండనిపించింది. "ముప్ఫై నాలుగేళ్ళు వార్డుల్లో చేశాను. నా మొహం చూస్తే ధైర్యంగా ఉంటుందనేవాళ్ళు. ఆ మొహానికి భయపడి అందరూ నొప్పి దాచుకున్నారు. ఆ ఏడోనంబరింటి పెద్దాయన కూడా కిందటి వారం నాలుగు రాశాడు. లేచి నిలబడలేడు, నాలుగట. నేను శభాష్ అని భుజం తట్టి వచ్చాను." సంచి మూతి బిగించింది. "ఇంక ఎవరింటికీ వెళ్ళను తల్లీ. మాస్టారితో చెప్పేస్తా. కాంపౌండరు గారే అన్నీ చూసుకుంటారు."

"ఆయన వస్తే మా అత్తయ్య మోకాలి కబుర్లు ఎవరితో చెబుతుంది?"

నర్సమ్మ నవ్వబోయింది, రాలేదు.

సూదక్క ఎడమ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది. వీధిలోంచి గాలి మెట్ల మీదికి తోసుకొస్తోంది. పళ్ళ బిగువున ఆ మంటని ఓర్చుకుని, తిన్నగా నర్సమ్మ మొహంలోకి చూసింది.

"మీరు మానొద్దు. మందు లేదని డాక్టరు గారే అన్నారు కదా, మాకింక ఉన్నది గురువారమే. నాదొక్క మనవి, కాదనకండి. ఎవరింటికి వెళ్ళినా పుస్తకం వాళ్ళ ముందు తెరవకండి. మూసింది మూసినట్టే సంచిలో పెట్టేసుకోండి. టీ తాగండి, కబుర్లు చెప్పండి. ఇంటికెళ్ళి, తలుపేసుకుని, అప్పుడు చదువుకోండి. అక్కడ మీరెంత ఏడ్చినా మేం చూడం. మా ఇంటి నుంచే మొదలుపెట్టండి నర్సమ్మా, ఈ గురువారమే."